లాండ్రీ ఆవిడకి సీటు

లాండ్రీ ఆవిడకు మనుషులు ఓ పట్టాన నచ్చరు. ఆ వీధిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఎవరొచ్చి కౌంటరు మీద బట్టల మూట దించినా మాటల్లో మర్యాదకు లోటు రానిచ్చేది కాదు గానీ, వాళ్ళు అటు తిరగడం ఆలస్యం, పెదవి ఓ పక్కకు వంకరపోయేది. ఎదురింటి ప్లీడరు ఊరందరికీ న్యాయం చెబుతాడు, సొంత చొక్కాకు గుండీ ఊడితే నెలల తరబడి పట్టించుకోడు. మూల మీది పళ్ళ డాక్టరు ఉతికిన కోటు చేతికివ్వగానే వాసన చూస్తాడు, అక్కడికి వీళ్ళేదో మురుగునీళ్ళలో ముంచి ఇచ్చినట్టు. ఇలా ఎవరి భాగోతం వారిది విప్పుతూ సాయంత్రాలు ఇస్త్రీ బల్ల దగ్గర మొగుడికి వినిపించేది. ఆయన తలూపుతూ పని చేసుకునేవాడు.

ఆవిడకు అందరికన్నా ఎక్కువగా నచ్చని మనిషి అల్లుడు. ప్రభుత్వ యూనివర్సిటీలో చరిత్ర పాఠాలు చెబుతాడు. చెడ్డవాడేం కాదు, కూతుర్ని బాగానే చూసుకుంటాడు. కానీ మంచినీళ్ళు కావాలన్నా సరే, "ఈ సందర్భంలో మనం గమనించాల్సిందేమిటంటే" అని అందుకునే రకం. ఆవిడ మనసులో అతనికి 'ఉపన్యాసం' అని పేరు పెట్టుకుంది. ఒక్కోసారి అది నోటి దాకా వచ్చి, కూతురి మొహం చూసి వెనక్కి పోయేది.

అతనికి ప్రమోషన్ వచ్చినప్పుడు తోటి లెక్చరర్లను భోజనానికి పిలిచాడు. అత్తామామల్నీ పిలవక తప్పలేదు. వచ్చినవాళ్ళకు ఆవిడను పరిచయం చేస్తూ, తమ అత్తయ్యగారు వస్త్ర రంగంలో ఉన్నారని చెప్పాడు. ఆవిడ ఒక్క క్షణం ఆ వస్త్ర రంగం ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది. తన గురించేనని అర్థమయ్యాక, బట్టలుతుకుతామండీ, లాండ్రీ ఉంది మాకు, అని విడమరిచి చెప్పింది. ఒకావిడ కిసుక్కుమంది. ఉపన్యాసం చెవులు కందగడ్డలయ్యాయి.

భోజనాల దగ్గర ఏదో పాత యుద్ధం మాటొచ్చింది. ఆవిడ బడిలో చదువుకున్న ముక్క ఒకటి గుర్తొచ్చి చెప్పబోయింది. అల్లుడు చిరునవ్వుతో చెయ్యి అడ్డం పెట్టాడు.

"అత్తయ్యగారూ, చరిత్రంటే రాజుల కథలు కాదండీ. దాని గురించి మాట్లాడాలంటే కొంచెం నేపథ్యం ఉండాలి."

బల్ల చుట్టూ ఉన్న పెద్దమనుషులంతా ఒక్కసారిగా తమ తమ కంచాల్లోకి చూసుకున్నారు. మెత్తగా, మర్యాదగా, నవ్వుతూ ఆవిడ గాలి తీసేశాడు. ఇంటికి తిరిగొచ్చే బస్సులో ఆవిడ కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. దిగే ముందు మాత్రం, ఆ నేపథ్యం అనేదేదో ఆ యూనివర్సిటీలో ఏ గదిలో పెట్టి అమ్ముతున్నారో వెళ్ళి చూసొస్తానంది. మొగుడు బస్సు శబ్దంలో సరిగ్గా వినపడక సరేనన్నాడు.

ఆవిడ బడి చదువు క్లాసులో ఫస్టుగా ముగించింది. ఆ వెంటనే పెళ్ళి, పెళ్ళి వెంటనే లాండ్రీ. అది గుండెల్లో దాచుకున్న బాధ అనుకుంటే పొరపాటు, అందరికీ చెప్పేది. చదువుకుని ఉంటే నేనూ మీలాగే గుండీలు ఊడినా తెలియని స్థితికి చేరేదాన్ని కదా అని ప్లీడరుతోనే అంది ఓసారి. ఆయన దాన్ని మెచ్చుకోలు అనుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడీ యూనివర్సిటీలో చేరే ఆలోచన కూడా చదువు మీద మమకారంతో పుట్టింది కాదు. ఇంతమంది మూర్ఖులు ఎక్కి దిగిన మెట్లు అసలెలా ఉంటాయో చూద్దామన్న ఎకసెక్కం కొద్దీ పుట్టింది. బడి మానేసి చాలా ఏళ్ళయిన వాళ్ళకు ఆ యూనివర్సిటీ ప్రతి శాఖలోనూ కొన్ని సీట్లు విడిగా ఉంచుతుందని, ఒక రాతపరీక్ష, ఒక ఇంటర్వ్యూ ఉంటాయని, ఉతికిన బట్టలు చుట్టే పాత పేపర్లో చూసింది. చరిత్ర శాఖకే అప్లికేషన్ తెచ్చి నింపింది. మొగుడికి చూపిస్తే ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"నువ్వెళ్తే పొద్దున పూట కౌంటర్లో ఎవరు కూచుంటారు?" అని అడిగాడు.

మీరే అందావిడ. జనంతో మాట్లాడాలంటే తనకు బెరుకని ఆయన గొణిగాడు. మాట్లాడక్కర్లేదు, బట్టలు తీసుకుని చీటీ ఇస్తే చాలు, మీరు మాట్లాడకపోతేనే వాళ్ళకీ సుఖం, అని తేల్చేసింది.

అల్లుడి దగ్గర దాచడం ఆవిడ పద్ధతి కాదు. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి మొహం మీదే చెప్పింది. అతను నవ్వుతాడని, నేపథ్యం గురించి ఇంకో ఉపన్యాసం ఇస్తాడని, దానికి ఇవ్వాల్సిన జవాబు కూడా సిద్ధం చేసుకుని వెళ్ళింది. అతను నవ్వలేదు. చాలా సంతోషమన్నాడు. ఆ ఆఫీసులో క్యూలు ఘోరంగా ఉంటాయని, గుమాస్తాలు పెద్దాచిన్నా చూడకుండా కసురుతారని, తానెలాగూ రోజూ వెళ్ళేది అక్కడికే కాబట్టి తనే ఇచ్చేస్తానని చెయ్యి చాచాడు. కూతురు వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఆవిడ కాగితాలు ఇచ్చేసింది. ఇంటికొస్తూ, జీవితంలో మొదటిసారిగా ఒక మనిషి గురించి తప్పుగా అనుకున్నానేమోనన్న అనుమానం కలిగింది. ఆ అనుమానం కొత్త చెప్పులా కరిచింది. ఆ వారం అల్లుడి చొక్కాలు వస్తే కాలర్లకు తనే స్వయంగా గంజి పెట్టింది.

తర్వాత రోజుల్లో మధ్యాహ్నం పూట షాపుకు గిరాకీ ఉండని వేళ, వీధి చివరి గ్రంథాలయానికి వెళ్ళి కూచునేది. మొదట్లో ఆ పుస్తకాలు చదువుతుంటే ఒళ్ళు మండేది. ఒక్కో వాక్యం పేజీ పొడవునా పాకుతుంది, చివరికొచ్చేసరికి మొదలేమిటో రాసినవాడికే గుర్తుండదు. ఇలా రాయడానికి జీతాలు కూడానా అనుకునేది. కానీ ఓ రోజు ఒక కరువు గురించి చదువుతుంటే, ఆ ఏడు రేవులోంచి ధాన్యం మోసుకెళ్ళిన ఓడల పేర్లన్నీ రాతకోతల్లో భద్రంగా ఉన్నాయని, ఆకలితో పోయినవాళ్ళ పేరు ఒక్కటి కూడా ఎక్కడా లేదని, రాసినాయన కథ మధ్యలో ఆగి చెప్పాడు. ఆవిడ పుస్తకం మూసి వేలు లోపలే ఉంచి చాలాసేపు అలాగే కూచుంది. గ్రంథాలయం మూసేస్తామని వచ్చి చెబితే గానీ లేవలేదు. ఆ సాయంత్రం ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరి భాగోతమూ విప్పలేదు. మొగుడు, ఒంట్లో బాగా లేదా అని అడిగాడు.

అప్లికేషన్ చేరినవాళ్ళకు నంబరుతో ఫోనుకు మెసేజ్ వస్తుందని నోటీసులో ఉంది. ఆవిడకు రాలేదు. అల్లుణ్ణి అడిగితే, ప్రభుత్వ వ్యవహారం కదండీ, నిదానంగా వస్తుందన్నాడు. ఇంకోసారి అడిగితే సర్వర్ బాగా లేదన్నాడు. కూతుర్ని అడిగితే దగ్గు మందు సంగతి ఎత్తింది. గడువు ఆఖరి రోజున ఆవిడ తన సర్టిఫికెట్లన్నీ చేతిసంచిలో పెట్టుకుని, మొగుణ్ణి కౌంటర్లో కూచోబెట్టి, స్వయంగా యూనివర్సిటీకి బయల్దేరింది.

అడ్మిషన్ల ఆఫీసులో అద్దం వెనక కూచున్న గుమాస్తా, అల్లుడు చెప్పినదానికి ఏమాత్రం తీసిపోలేదు. తల ఎత్తకుండానే ఎవరి కోసమని అడిగాడు. నాకోసమేనంటే అప్పుడు తల ఎత్తాడు. ఆమె పేరు కొట్టి చూసి, అలాంటి అప్లికేషన్ ఏదీ రాలేదన్నాడు. ఇంకోసారి చూడమంటే ఇంకోసారి చూసి, కంప్యూటరు తెర ఆవిడ వైపు తిప్పాడు. లేదు.

"ఎవరిచ్చారమ్మా ఇక్కడ? మీరేనా?"

అల్లుడి పేరు నాలుక చివరి దాకా వచ్చింది. ఈ గుమాస్తా సాయంత్రం టీ దగ్గర పదిమందికీ చెప్పుకుని నవ్వుకోవడానికి తన ఇంటి సంగతి ఎందుకివ్వాలనిపించింది. వేరే అప్లికేషన్ ఇమ్మంది.

అక్కడే గోడకానుకుని నిలబడి నింపింది. గేటు ఎదురుగా ఫోటో దుకాణం ఉంటే వెళ్ళి ఫోటో దిగొచ్చింది. అందులో ఆవిడ మొహం హత్య చేయడానికి బయల్దేరిన మనిషి మొహంలా వచ్చింది. తీరా కౌంటరు దగ్గరికొస్తే, సర్టిఫికెట్ కాపీ మీద యూనివర్సిటీ లెక్చరర్ ఎవరైనా సంతకం చేసి సరిచూశానని రాయాలన్నాడు గుమాస్తా. తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని కూడా అడిగాడు, ఉండరులే అన్న ధోరణిలో.

ఉన్నారంది ఆవిడ.

చరిత్ర శాఖ రెండో అంతస్తులో ఉంది. వరండాలో ఒక ఆయాని అడిగితే అల్లుడి క్లాసు చూపించింది. తలుపు తెరిచే ఉంది. ఉపన్యాసం, బల్ల మీద కాగితాలు పరుచుకుని ఏదో చెబుతున్నాడు. ముందు బెంచీలో ఒకమ్మాయి జడ అల్లుకుంటోంది. గుమ్మంలో మనిషి నీడ పడేసరికి అతను తల తిప్పాడు. అత్తగారిని చూశాడు. ఆవిడ చేతిలో కాగితాలు చూశాడు.

ఆవిడ ఒక్క మాట కూడా ఎక్కువ తక్కువ మాట్లాడలేదు. లోపలికి వచ్చి, కాగితం బల్ల మీద పెట్టి, వేలితో చోటు చూపించింది.

"బాబూ, ఇక్కడ చిన్న సంతకం కావాలి. ఇవాళే ఆఖరి రోజంట."

అతను పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు. పెన్ను బల్ల మీదే ఉంది. ఆవిడే తీసి అందించింది. జడ అల్లుకుంటున్న అమ్మాయి, ఎవరు సార్ అని అడిగింది. తెలిసినావిడ, అన్నాడతను గొంతు తగ్గించి. ఆవిడ క్లాసు వైపు తిరిగి, అత్తగార్నమ్మా, అంది నిదానంగా. వెనక బెంచీల్లో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కూచున్నారు. అతను సంతకం పెట్టాడు. హడావిడిలో అది అతని సంతకంలా లేదు.

అరిచి ఉంటే అతనికి బాగుండేది. కోప్పడ్డ అత్తగారికి ఏదో సర్దిచెప్పి పంపించేసేవాడు. ఆవిడ థాంక్స్ చెప్పి, క్లాసు చెడగొట్టినందుకు పిల్లల్ని క్షమించమని అడిగి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. కాగితాలు ఇచ్చేశాక గేటు బయట చెట్టు కింద బెంచీ మీద కూచుంది. వెధవ, అనుకుంది. పిరికి వెధవ. వద్దని చెప్పే ధైర్యం లేదు, నవ్వుతూ చెయ్యి చాచాడు.

సాయంత్రం కూతురు షాపుకొచ్చింది. ఏడ్చి కడుక్కున్న మొహం. తండ్రి ఆమెకు కుర్చీ వేసి, ఏదో పనున్నట్టు వెనక గదిలోకి వెళ్ళాడు. భర్త చేసింది తప్పేనని కూతురు మొదలుపెట్టింది. ఇవ్వాలనే అనుకున్నాడని, రోజూ బ్యాగులో పెట్టుకు వెళ్ళేవాడని, రోజూ వెనక్కి తెచ్చేవాడని చెప్పింది. ఆ మాటతో ఆవిడకు ఇస్త్రీపెట్టె మీద ఉన్న చెయ్యి ఆగిపోయింది.

"రోజూ తెచ్చేవాడని నీకెలా తెలుసు?"

కూతురు తల దించుకుంది. ఇంకేం చెప్పక్కర్లేదు. అల్లుడి మీద కోపం సులువుగా వచ్చింది, ఎన్నాళ్ళనుంచో దాని దారి దానికి తెలుసు. ఇది అలా రాలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఎందుకే, అంది.

"భయమేసింది. నువ్వు ఊరుకోవు కదమ్మా. ఆయన ఒక మాట తప్పు చెప్తే అందరి ముందూ లేచి నిలబడి ఎండగడతావు. పిల్లలు నవ్వుతారు. ఆయన ఇంటికొచ్చి అన్నం తినడు."

ఆవిడ ఏదో అనబోయింది. కూతురు ఆపలేదు. చిన్నప్పుడు తను లెక్కల్లో తప్పితే, ఆ పేపరు తీసుకెళ్ళి కౌంటర్లో నిలబడి వచ్చిన ప్రతి గిరాకీకీ చూపించి నవ్వించావు గుర్తుందా అని అడిగింది. ఆవిడకు గుర్తులేదు. అదే చెప్పింది. నాకుంది, అంది కూతురు. నువ్వు వెళ్తున్నది చదువుకోవడానికి కాదు, ఆయన్ని చిన్నబుచ్చడానికి అని కూడా అంది.

అబద్ధమని చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. మొదట్లో నిజమే అది. ఇప్పుడెంత నిజమో తనకే తెలియదు. ఆ కరువు, ఆ ఓడల సంగతి కూతురికి చెప్పాలనిపించింది గానీ, ఈ వేళప్పుడు చెబితే సాకులా వినిపిస్తుందని ఊరుకుంది. చివరికి, సీటొస్తే గిస్తే, ఆయన క్లాసులో నోరు విప్పను, పో, అంది. ఒట్టా అని కూతురు చిన్నపిల్లలా అడిగింది. ఒట్టే అంది ఆవిడ. చేసిన మోసం వాళ్ళది, ఒట్టు వేసింది తను. ఇంత అన్యాయపు బేరం ఆ కౌంటరు మీద ఎప్పుడూ జరగలేదనుకుంది.

రాతపరీక్షలో పక్కన కూచున్న బట్టతలాయన కాపీ కొట్టబోతే, పేపరుకు మోచెయ్యి అడ్డం పెట్టి రాసింది. ఇంటర్వ్యూకు ముగ్గురు కూచున్నారు. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంకొకాయన అమ్మా, మీకు మనవలెంతమంది అని మొదలుపెట్టాడు. మనవలకీ చరిత్రకీ ఉన్న లింకేమిటో తెలిస్తే చెబుతానంది ఆవిడ. మధ్యలో కూచున్న తెల్లజుట్టు పెద్దావిడ ఒక్కతే ఆవిడ రాసిన పేపరు ముందు పెట్టుకుని ఉంది. ఒక సంధి ఒప్పందం గురించి అడిగితే ఆవిడ తప్పు చెప్పింది. చెబుతుండగానే తప్పని తెలిసిపోయి మొహం వేడెక్కింది. ఇతరుల మొహాల్లో అదే చూసి ఎంత నవ్వుకుందో అప్పుడు గుర్తొచ్చింది. ఈ వయసులో చరిత్రెందుకు అని పెద్దావిడ ఆఖరున అడిగింది. జ్ఞానతృష్ణ అనే మాట ఒకటి ఆవిడ బట్టీపట్టి వచ్చింది. అది చెప్పబోతే తనకే నవ్వొచ్చింది.

"ఒకాయన మీద కోపంతో మొదలుపెట్టానండి. ఇప్పుడు పుస్తకం పట్టుకుంటే ఆయన గుర్తుకు రావట్లేదు."

పెద్దావిడ పేపరు మీద ఏదో రాసుకుంది. ఫోన్ చూసుకునే ఆయన అప్పటికీ తల ఎత్తలేదు.

సీటొచ్చింది. వీధిలో అందరికీ తెలిసింది. ప్లీడరు వచ్చి, ఇప్పుడు మనం మనం ఒకటే కదండీ అన్నాడు. ఆవిడ గుండీ లేని ఆయన చొక్కా వైపు చూసి చీటీ రాసిచ్చింది.

క్లాసులు మొదలయ్యాయి. ఉపన్యాసంగారి పాఠం వారానికి రెండుసార్లు. ఆవిడ ఊహించినదాని కన్నా అధ్వాన్నంగా ఉంది. అంచులు చిరిగి పసుపురంగుకు తిరిగిన కాగితాలు తెచ్చుకుని, వాటిలో ఉన్నది ఉన్నట్టు చదువుతాడు. ఎప్పుడో తన ఉద్యోగం కొత్తలో రాసుకున్నవి. మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే, దానికి వస్తాం అంటాడు, ఎప్పటికీ రాడు. పిల్లలు కళ్ళు తెరుచుకుని నిద్రపోయే విద్య నేర్చేశారు. తన అంచనా ఇంత కచ్చితంగా నిజమైతే సంబరపడాల్సింది. ఆవిడకు దిగులేసింది. ఇన్నేళ్ళు గుమ్మం బయట నిలబడింది ఇందుకా అనిపించింది. తెల్లజుట్టు పెద్దావిడ క్లాసు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మొదటి వారంలోనే మళ్ళీ కౌంటర్లోకి వచ్చేసేది. ఆమె ఒక పాత దస్తావేజు చదివి, ఇందులో ఎవరి గొంతు లేదో చెప్పండి అని అడిగితే, ఆవిడ పక్కనున్న పిల్లల కంటే ముందు చెయ్యెత్తేది.

అల్లుడి క్లాసులో మాత్రం ఒట్టు తప్పలేదు. మూడో బెంచీలో కూచుని, పెన్ను పట్టుకుని, నోరు కుట్టేసుకున్నట్టు వినేది. అతను సంవత్సరం తప్పు చెప్పినా, రెండు యుద్ధాల్ని ఒకటి చేసేసినా పెదవి కదలనిచ్చేది కాదు. ప్రశ్నలు అడిగితే అతను ఏదో విధంగా తప్పించుకునేవాడేమో. ఈ మౌనంతో ఎలా వేగాలో అతనికి తెలియలేదు. ఒక్కో వాక్యం చదివి ఆవిడ వైపు చూసేవాడు, ఇది సరిగ్గా ఉందా అన్నట్టు. ఆవిడ రాసుకుంటూ ఉండేది. కొన్ని వారాలు గడిచాక ఆ పసుపు కాగితాల మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి తెల్ల కాగితాలు కనిపించడం మొదలైంది. ఓ రోజు ఒకబ్బాయి ప్రశ్న అడిగితే, నాకు తెలీదు, చూసి చెబుతానన్నాడు. తర్వాతి క్లాసులో నిజంగానే చూసొచ్చి చెప్పాడు. వెనక బెంచీలో ఒకడు ఆశ్చర్యం కొద్దీ రాసుకున్నాడు కూడా.

విరిగిన మనసులు ఒక్కసారిగా అతుక్కోలేదు. కూతురు ఫోన్ చేస్తే తండ్రితోనే ఎక్కువ మాట్లాడేది. అల్లుడు చేసినదానికి క్షమాపణ ఎప్పుడూ అడగలేదు. అడుగుతాడని ఆవిడ ఎదురుచూడనూ లేదు. అంత వెన్నెముక ఉంటే అప్లికేషన్ అప్పుడే ఇచ్చేసి ఉండేవాడు.

ఒక సాయంత్రం కూతురు భర్త బట్టల సంచితో షాపుకొచ్చింది. ఆవిడ కౌంటరు మీదే పుస్తకం పరుచుకుని కూచుని ఉంది, మర్నాడు పరీక్ష. సంచి తీసుకుని చీటీ రాసింది. కూతురు వెళ్ళకుండా అక్కడే నిలబడి కౌంటరు అంచు గోటితో గీకుతూ ఉండిపోయింది. చివరికి అడిగింది.

"ఆయన ఎలా చెప్తున్నారమ్మా?"

ఆవిడకు చెప్పాల్సిన జవాబులు చాలానే ఉన్నాయి. ఇన్ని వారాలుగా నోట్లో కుక్కుకున్నవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకొచ్చాయి. వాటిలో రెండు మూడు చాలా బాగున్నాయి కూడా. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మొదట్లో కన్నా నయం" అంది.

కూతురు ఆవిడ మొహంలోకి చూసింది, వెటకారం ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు. కనపడలేదు. నవ్వాలా వద్దా అనుకుంటూనే నవ్వేసింది. నిజంగానా అని అడిగితే, నిజమే, ఇంకోసారి అడిగితే మాట మార్చేస్తానని ఆవిడ హెచ్చరించింది.

వెనక గదిలో ఇస్త్రీ చేస్తున్న మొగుడు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నన్నెప్పుడూ అంత మంచి మాట అనలేదే" అన్నాడు.

మీరు వెళ్ళి ఆ ప్యాంటు మాడకుండా చూడండి అని ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. కూతుర్ని దీపానికి అడ్డం తప్పుకోమని చెప్పి, వదిలిన చోటు వెతుక్కుని మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.